స్ట్రీట్ నంబర్ 8లో కొట్టు, ఊరూరా గిరాకీ

తార్నాక నుంచి ఉప్పల్‌కు పోయే రోడ్డు మీద ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పెద్ద పరిశోధన సంస్థల ప్రహరీలు కనిపిస్తాయి. అక్కడి నుంచి హబ్సిగూడ వీధుల్లోకి తిరిగితే బతుకుతెరువు తీరే వేరు. 'స్వగృహ' అని బోర్డు పెట్టుకున్న పిండివంటల కొట్లు, మగ్గం వర్క్ చేసే బొటిక్‌లు, మొదటి అంతస్తులో చీరలు పరిచి చూపించే ఇళ్లు, ఎండాకాలం వచ్చిందంటే డాబా మీద ఆవకాయ కలిపే కుటుంబాలు. చౌరస్తాలో నాచారం వైపు మళ్లితే పారిశ్రామికవాడ, అందులో చిన్న చిన్న తయారీ యూనిట్లు. వీళ్లందరినీ కొన్నేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుంది: మనం కూడా వెబ్‌సైటు పెట్టుకుని అమ్మొచ్చా, ఎంతవుతుంది?

ఈ ప్రశ్నకు పదివేలని చెప్పేవాళ్లున్నారు, లక్షన్నర అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చెప్పేది సైటు తయారుచేసే కూలి మాత్రమే. సరుకు అట్టపెట్టెలో ఎలా కూర్చోవాలి, కొరియర్ ఎంత పట్టుకుంటాడు, తిరిగొస్తే ఎవరు భరించాలి, లైసెన్సు ఏది కావాలి, రాత్రి తొమ్మిదికి వచ్చిన ఫోనుకు ఎవరు జవాబివ్వాలి అన్నవి ఆ లెక్కలో ఉండవు. చిన్న వ్యాపారి నష్టపోయేది ఎక్కువగా అక్కడే. అందుకే నా అభిప్రాయం ముందే చెబుతాను. సైటు కట్టడం ఈ పనిలో చివరి మెట్టు. ముందు సరుకు, పెట్టె, కాగితాలు కుదరాలి. కుదిరాక పెట్టే సైటు పేరు, దాని తాళాలు, కొన్నవాళ్ల వివరాలు వ్యాపారి చేతిలోనే ఉండాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడారన్నది పెద్ద విషయం కాదు.

మన దగ్గర ఆన్‌లైన్ అమ్మకం అలవాటైన తీరును ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతో మొదలైంది. 2010లో ఇంటికొచ్చాక డబ్బు కట్టే పద్ధతి తెచ్చాకే కార్డు లేనివాళ్లు, కార్డు నంబరు ఇవ్వడానికి భయపడేవాళ్లు ధైర్యం చేశారు. 2013లో అమెజాన్ వచ్చింది. 2016లో యూపీఐ వచ్చి డబ్బు సమస్యను దాదాపు తీర్చేసింది. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఫోనుల్లో ఆర్డర్లు తీసుకోక తప్పలేదు. ఇవాళ హబ్సిగూడలో ఇంటినుంచి అమ్మే చాలామంది ఆ దారిలో వాట్సాప్ దగ్గర ఆగినవాళ్లే.

వాట్సాప్ దగ్గర ఆగడం తప్పేమీ కాదు. నెలకు ముప్పై నలభై ఆర్డర్లు వచ్చే ఇంటికి అదే చాలు. కేటలాగు పెట్టుకోవచ్చు, ధరలు రాసుకోవచ్చు, యూపీఐ క్యూఆర్ పంపొచ్చు. పాత ఖాతాదారు మాట మీద కొత్తవాళ్లు వస్తారు. ఇబ్బంది ఆర్డర్లు పెరిగాక మొదలవుతుంది. ఎవరు డబ్బు పంపారు, ఎవరి పార్సిల్ వెళ్లింది, ఎవరు కారం తక్కువ అన్నారు అన్నవన్నీ చాట్‌లలో చెల్లాచెదురుగా ఉంటాయి. పండగ ముందు వారం ఒక ఆర్డరు మరిచిపోతే ఒక ఖాతాదారు పోయినట్టే. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది: ఆ నంబరును, ఆ ఖాతాను నడిపేది మనం కాదు.

దీనికి మన కళ్లముందు జరిగిన నిదర్శనాలు రెండున్నాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. వీడియోల మీద గిరాకీ కట్టుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో తమ ప్రేక్షకులందరినీ పోగొట్టుకున్నారు. రెండోది మరీ దగ్గరిది. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైటు కట్టి ఇచ్చేది. కరపత్రాల మీద, కవర్ల మీద ఆ చిరునామాలు అచ్చువేయించుకున్న కొట్లు ఎన్నో. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నిటినీ మూసేసింది, కొన్నాళ్లు ప్రొఫైల్‌కు దారి మళ్లించి ఆ తర్వాత అదీ ఆపేసింది. ఊరికే వచ్చిన చిరునామా ఊరికే పోయింది. సంవత్సరానికి వెయ్యి రూపాయలు ఖర్చయినా సొంత డొమైన్ కొనుక్కోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి అంగళ్లది ఇంకో దారి. అక్కడ జనం ముందే ఉన్నారు, కొరియర్ ఏర్పాటు వాళ్లే చూస్తారు, మొదటి అమ్మకం త్వరగా జరుగుతుంది. మీషో 2021లో కమిషను మానేసింది, అమెజాన్ 2025 ఏప్రిల్‌లో 300 రూపాయలలోపు ఉన్న చాలా సరుకులకు రెఫరల్ ఫీజు ఎత్తేసింది. అయితే రవాణా, ప్రకటనలు, వాపసుల ఖర్చు కలిపి చూస్తేగాని అసలు లెక్క తేలదు. పక్కన అదే సరుకు పది రూపాయలు తక్కువకు కనిపిస్తుంటుంది. కొన్నవాళ్ల ఫోను నంబరు మన దగ్గర మిగలదు. వచ్చే సంక్రాంతికి అరిసెలు సిద్ధం అని వాళ్లకు చెప్పే వీలే ఉండదు. కొత్తవాళ్లను రాబట్టడానికి అక్కడ నాలుగు రకాలు పెట్టి, మళ్లీ మళ్లీ కొనేవాళ్లను సొంత సైటుకు అలవాటు చేయడం నాకు తెలివైన పద్ధతిగా కనిపిస్తుంది. 2021 డిసెంబరులో కేంద్రం చొరవతో ఏర్పడిన ఓఎన్‌డీసీ ఈ రెండింటికీ మధ్యదారి. ఒక యాప్‌లో నమోదైన అమ్మకందారు సరుకు ఇంకో యాప్‌లో వెతికేవాళ్లకు కనిపించడం దాని పద్ధతి.

సొంత సైటుకు మూడు మార్గాలున్నాయి. మొదటిది అద్దె కొట్టు. కెనడాకు చెందిన షాపిఫై, బెంగళూరులో పుట్టిన దుకాన్ వంటివి ఈ కోవలోవి. కంప్యూటరు పని తెలియకపోయినా సరుకుల ఫొటోలు, ధరలు ఎక్కిస్తే కొట్టు సిద్ధమవుతుంది. షాపిఫై బేసిక్ ప్లాన్‌కు నెలనెలా కట్టేట్టయితే దాదాపు రెండు వేలు. దాని సొంత చెల్లింపు వ్యవస్థ ఇండియాలో లేదు కాబట్టి వేరే సంస్థ చెల్లింపు గేట్‌వే వాడాలి. వాడితే ఆ ప్లాన్‌లో అమ్మకంపై షాపిఫై మరో 2 శాతం తీసుకుంటుంది, గేట్‌వే రుసుము దానికి అదనం.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. నెలకు 30 ఆర్డర్లు, ఒక్కోటి 500 రూపాయలు అనుకుంటే అమ్మకం 15,000. రెండు వేల అద్దె అందులో 13 శాతం. పిండివంటల మీద అంత మిగలడమే కష్టం. అదే 300 ఆర్డర్లయితే అమ్మకం లక్షన్నర, అద్దె ఒక శాతం పైచిలుకు. అప్పుడు అద్దె భారం కాదు, 2 శాతం కోతే నెలకు మూడు వేలవుతుంది. చిన్నగా ఉన్నప్పుడు అద్దె కొరుకుతుంది, పెరిగాక శాతం కొరుకుతుంది. మనం ఎక్కడున్నామో చూసుకుని ఎంచుకోవాలి.

రెండో మార్గం వర్డ్‌ప్రెస్ మీద 2011లో వచ్చిన వూకామర్స్. సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్‌కు ఏడాదికి కొన్ని వేలు. అమ్మకంలో వాటా ఎవరూ అడగరు. బదులుగా ఇంటి మరమ్మతుల్లాగా దాని బాగోగులు మనవే. అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసే మనిషి లేకపోతే ఏదో ఒకరోజు పాత ప్లగిన్ సందులోంచి ఎవడో దూరి సైటును జూదం ప్రకటనలతో నింపేస్తాడు. నెలకింతని మాట్లాడుకుని చూసిపెట్టే కుర్రాడు ఉంటే మధ్యస్థాయి కొట్టుకు నేను దీన్నే సూచిస్తాను. మూడో మార్గం మొదటి నుంచి కోడు రాయించుకోవడం. ఊరగాయలు, చీరలు అమ్మే కొట్టుకు ఆ అవసరం లేదు. రాసినవాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ధర మార్చే దిక్కు కూడా ఉండదు.

ఏ మార్గమైనా సరే, మొదటిరోజే తేల్చుకోవలసింది తాళాల సంగతి. చాలాచోట్ల సైటు చేసిన ఏజెన్సీయే డొమైన్‌ను తన పేరున, తన ఈమెయిల్‌తో కొంటుంది. రెండేళ్ల తర్వాత మాట తేడా వస్తే వ్యాపారి పేరు వేరొకరి చేతిలో ఉంటుంది, గడువు తీరితే మూడోవాడు కొనుక్కుంటాడు. డాట్ ఇన్ చిరునామాలు 2005 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. నిక్సీ సంస్థ వాటిని నిర్వహిస్తుంది, ఏ రిజిస్ట్రార్ దగ్గరైనా ఆన్‌లైన్‌లో మనమే కొనుక్కోవచ్చు. డొమైను, హోస్టింగు, గేట్‌వే ఖాతా, గూగుల్ ఖాతా, వ్యాపారానికి వాడే ఫోను నంబరు ఈ ఐదూ యజమాని పేరున ఉండాలి, ఏజెన్సీకి పనిచేసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. డబ్బు సంగతి మాట్లాడకముందే ఈ మాట కాగితం మీద పెట్టించుకోవాలి. సైటు చిరునామా ముందు కనిపించే తాళం గుర్తుకు కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు ఉచితంగానే ఇస్తున్నాయి. దానికి వేలల్లో బిల్లు వేస్తే ఎందుకని అడగాలి.

డబ్బు చేతికి వచ్చే దారిలో రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ వంటి గేట్‌వేలున్నాయి. మామూలు రేటు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 400 రూపాయల ఆర్డరుకు తొమ్మిదిన్నర రూపాయలు పోతాయి, మిగతాది రెండు మూడు పనిదినాల్లో బ్యాంకులో పడుతుంది. ఖాతా ఇచ్చేముందు వాళ్లు పాన్, బ్యాంకు వివరాలతో పాటు సైటులో చిరునామా, వాపసు నిబంధనలు, గోప్యతా విధానం పేజీలు ఉన్నాయో లేదో చూస్తారు. చాలా దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఆ పేజీలు లేకనే.

యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుము సున్నా కదా, క్యూఆర్ పెడితే సరిపోదా అనిపిస్తుంది. రోజుకు ఐదు ఆర్డర్లుంటే సరిపోతుంది. ఇరవై అయితే ఎవరి డబ్బు ఎవరిదో బ్యాంకు ఎస్‌ఎంఎస్‌లతో సరిపోల్చుకోవాలి. నకిలీ చెల్లింపు స్క్రీన్‌షాట్లు పంపి సరుకు పట్టుకుపోయేవాళ్లకు అదే అదను. స్క్రీన్‌షాట్‌ను ఎప్పుడూ నమ్మొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పెట్టె కట్టాలి. మోసం జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. తొలి గంటల్లో చేస్తేనే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది.

ఇక పెట్టె, కొరియర్. ఈ విషయంలో వ్యాపారులతో ఎంతసేపు మాట్లాడినా తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే లాభమంతా ఇక్కడే కారిపోతుంది. అరకిలో ఆవకాయ గాజుసీసాలో పెడితే సీసా, మూత, చుట్టిన కాగితం, అట్టపెట్టె కలిపి బరువు కిలోకు దగ్గరవుతుంది. కొరియర్‌వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు వీటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. అదే సీసాను 15, 15, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 0.9 కిలో. చేతికి దొరికిన 20, 20, 20 పెట్టెలో పెడితే 1.6 కిలో, అంటే రెండు కిలోల స్లాబు. సరుకు మారలేదు, పెట్టె మారింది, కిరాయి ఒక స్లాబు పైకి పోయింది. కాబట్టి సైటులో ధర పెట్టకముందే ఏ సరుకుకు ఏ కొలత పెట్టె అని తేల్చుకోవాలి. పక్కనే పారిశ్రామికవాడలు ఉండటం హబ్సిగూడవాళ్లకు అదృష్టం. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు విచారిస్తే కావలసిన కొలతలో అట్టపెట్టెలు చేయించుకోవచ్చు.

ఊరగాయకు గాజుసీసా అందం. దూరం పంపడానికి మాత్రం వేడితో అతికిన మందపాటి పౌచ్ మేలు. నూనె పైకి తేలే పచ్చడిని మూత దాకా నింపితే ఎండలో వ్యాను వేడికి కారుతుంది. నూనె మరకపడ్డ పెట్టెను చాలాసార్లు అందుకునేవాళ్లు వద్దంటారు. అమ్మకానికి పెట్టకముందే మూడు ఊళ్లలో ఉన్న చుట్టాలకు పంపి, పెట్టె ఏ స్థితిలో చేరిందో ఫొటో తెప్పించుకోవడం అన్నిటికంటే చవకైన పరీక్ష.

క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వాలా వద్దా అన్నది ప్రతి చిన్న వ్యాపారినీ వేధించే సందేహం. ఇస్తే ఆర్డర్లు పెరుగుతాయి, అందులో కొన్ని ఇంటి గుమ్మం దాకా పోయి తిరిగొస్తాయి. పోయిన కిరాయి, వచ్చిన కిరాయి రెండూ మనవే. చీరైతే ఇస్త్రీ చేసి మళ్లీ అమ్మొచ్చు. సున్నుండల డబ్బా వారం రోజులు గోదాముల్లో తిరిగొచ్చాక దాన్ని ఇంకొకరికి పంపడం న్యాయం కాదు. తినే సరుకుకు ముందే డబ్బు తీసుకోవాలి. కొత్త ఖాతాదారుకు అనుమానం ఉంటే కిరాయి మేరకు ముందు తీసుకుని మిగతాది చేతికి అందాక తీసుకునే ఏర్పాటు చేసుకోవచ్చు.

దగ్గరి ఊళ్లకు కొరియరే కావాలని లేదు. ఆర్టీసీ 2020లో కార్గో సేవ మొదలుపెట్టింది. వరంగల్ వైపు బస్సులకు ఉప్పల్ పెద్ద మజిలీ కనుక ఆ దారి ఊళ్లకు పార్సిల్ పంపడం ఈ ప్రాంతంవాళ్లకు తేలిక. 500007, 500039, 500076 పిన్‌కోడ్‌లకు, అంటే తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్, నాచారాలకు, మనిషిని పెట్టుకుని సాయంత్రానికే ఇచ్చేయొచ్చు. మొదటి మూడు నెలలు ఈ పిన్‌కోడ్‌లకు మాత్రమే సైటు తెరిచి పెట్టడం మంచి ఆలోచన. పొరపాటు జరిగితే బండి మీద వెళ్లి సరిదిద్దుకోగల దూరం అది. పుస్తకాలు అమ్మేవాళ్లకు తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది. పాఠ్య, సాంస్కృతిక పుస్తకాలకు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100.

కాగితాల విషయంలో అందరూ తడబడేది జీఎస్టీ దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషను అక్కర్లేని టర్నోవరు పరిమితి ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో ఇప్పటికీ 20 లక్షలే. విజయవాడలో ఉన్న బంధువు చెప్పింది విని హబ్సిగూడలో ఆ లెక్క వేసుకుంటే చిక్కే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, కొన్ని హస్తకళా వస్తువులు తప్ప, టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషను తీసుకోవాల్సిందే. వెబ్‌సైటు పెట్టగానే బెంగళూరులో ఉండే తెలుగువాళ్ల ఆర్డరే మొదట వస్తుంది, అంటే మొదటి పార్సిల్‌తోనే ఆ నియమం తగులుతుంది. చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అసలు అమ్మకూడదు. పెద్ద అంగళ్ల ద్వారా రాష్ట్రం లోపలే అమ్మే చిన్నవాళ్లకు మాత్రం 2023 అక్టోబరు 1 నుంచి పరిమితి లోపల ఉంటే రిజిస్ట్రేషను అక్కర్లేకుండా సడలింపు ఇచ్చారు. అంచేత రిజిస్ట్రేషను లేకుండా మొదలుపెట్టేవాళ్లు సైటు సెట్టింగుల్లోనే తెలంగాణ పిన్‌కోడ్‌లు తప్ప మిగతావి మూసి ఉంచాలి.

తినే వస్తువులకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కావాలి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరు ఉన్నవాళ్లకు వంద రూపాయల రిజిస్ట్రేషను చాలన్నారు. ఈ-కామర్స్ ఆహార వ్యాపారానికి మాత్రం కేంద్ర లైసెన్సు అన్నారు, దాని రుసుము ఏడాదికి 7,500గా పెట్టారు. సొంత సైటులో నేరుగా అమ్మడం కూడా ఆ పరిధిలోకి వస్తుంది కనుక ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్లో దరఖాస్తు చేసేటప్పుడు వ్యాపార రకం దగ్గర ఆ సంగతి దాచకుండా నింపాలి, ఆనాటికి అమల్లో ఉన్న పరిమితులు, రుసుములు అక్కడే చూసుకోవాలి. పద్నాలుగు అంకెల నంబరు లేబుల్ మీద, 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఉండాలి.

ఇక్కడ హబ్సిగూడకు ఉన్న వసతి మరే పేటకూ లేదంటే అతిశయోక్తి కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐకి హైదరాబాద్‌లో ఉన్న రిసోర్స్ సెంటర్ హబ్సిగూడలోనే ఉంది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో. పచ్చడి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏ ఉప్పు శాతంలో బూజు పట్టదు, లేబుల్ మీద పోషక విలువలు ఎలా రాయాలి అన్న ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్లు ఆటో దూరంలో ఉన్నారు. 'మా అమ్మమ్మ కాలం నుంచి పాడవలేదు' అన్న ధీమాతో 'ఏడాది నిలవ' అని సైటులో రాసే ముందు నమూనాను గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవడం కొన్నవాళ్ల పట్ల కనీస బాధ్యత. అమ్మమ్మ జాడీ ఇంట్లో అల్మారాలో ఉండేది, మన పౌచ్ మే నెలలో నాగపూర్ మీదుగా వెళుతుంది.

తూనికలు కొలతల చట్టం కింద 2018 జనవరి నుంచి ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలు సైటు పేజీలో కూడా చూపాలి: తయారుచేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, గరిష్ఠ ధర, ఫిర్యాదు నంబరు, ఏ దేశంలో తయారైంది. తయారైన నెల మాత్రం పేజీలో పెట్టనక్కర్లేదు. కొన్నవాళ్ల నంబర్లు, చిరునామాలు మన దగ్గర పోగవుతాయి కనుక 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. ఆర్డరు కోసం తీసుకున్న నంబరును వేరే వ్యాపారికి ఇవ్వకూడదు.

అప్పు, రాయితీల కోసం చూసేవాళ్లకు చిన్న పరిశ్రమల కోసం 2020 జులై నుంచి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మొదటి మెట్టు, ఉచితం. చిన్న ఆహార యూనిట్లకు అదే ఏడాది వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యంత్రాలకు ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా, అప్పుతో ముడిపడిన సబ్సిడీ పెట్టారు. సైటు కోసం అప్పు చేయొద్దు, సీలింగ్ మిషన్ కోసం చేస్తే అర్థముంది.

నాచారం యూనిట్ల సంగతి వేరు. బుషింగులు, అచ్చులు, డబ్బాలు చేసేవారి దగ్గర ఎవరూ కార్టులో వేసుకుని కార్డు గీకరు. వాళ్లకు కొనుగోలు బటన్ అనవసరం. ఏ కొలతల్లో చేస్తారు, ఏ ముడిసరుకు, ఎంత టాలరెన్స్, కనీస ఆర్డరు ఎంత, ఎన్నాళ్లలో ఇస్తారు అన్నవి స్పష్టంగా రాసిన నాలుగు పేజీలు, డ్రాయింగు పంపి కొటేషను అడిగే ఒక ఫారం చాలు. ప్రభుత్వ కొనుగోళ్లకు 2016 నుంచి జెమ్ పోర్టల్ ఉంది. ఇంత చిన్న సైటు కూడా లేక, ఫోనెత్తే మనిషి లేక పోయే ఆర్డర్లు ఆ వాడలో ఎన్నో ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సరుకు పేజీలో ఏం రాయాలన్నది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. 'ఇంటి రుచి, స్వచ్ఛమైన పదార్థాలు' అని ప్రతి సైటూ రాస్తుంది, కాబట్టి ఆ మాటకు విలువ లేదు. ఏ నూనె, ఏ ఊరి కారం, ముక్క మెత్తగా ఉంటుందా కరకరలాడుతుందా, వెల్లుల్లి ఉందా లేదా అని రాయాలి. వెల్లుల్లి తినని ఇళ్లు తెలుగునాట ఎన్ని ఉన్నాయో అమ్మేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చీరకైతే పగటి వెలుతురులో తీసిన ఫొటో, కొంగు విడిగా, బోర్డరు విడిగా, జాకెట్ ముక్క ఉందా, నేత చేనేతా మరమగ్గమా అన్నది దాపరికం లేకుండా చెప్పాలి. పోచంపల్లి పేరు పెట్టి అచ్చు వేసిన గుడ్డ అమ్మడం అక్కడి మగ్గాన్ని కొట్టడమే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పేజీలో తెలుగు తప్పనిసరిగా ఉండాలి. వెతికేవాళ్లు తెలుగులోనూ వెతుకుతున్నారు. ఇంగ్లిషు అక్షరాల్లో ఆవకాయను, గోంగూరను, హబ్సిగూడను కూడా నాలుగు రకాలుగా రాస్తారు. ఆ రూపాలు పేజీ వివరణలో సహజంగా వచ్చేలా చూసుకుంటే ప్రకటనలకు పెట్టే డబ్బు కొంత మిగులుతుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, మ్యాపులో కొట్టు కనిపించడం ఇప్పటికీ అన్నిటికంటే పనికొచ్చే ప్రకటన. ఫొటోలు బరువుగా ఉంటే మామూలు ఫోనులో పేజీ తెరుచుకోదు. సైటు చేసినవాళ్ల లాప్‌టాప్‌లో కాకుండా ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో ఒక ఆర్డరు పెట్టించి చూడాలి.

విదేశాల గురించి అడగని తెలుగు వ్యాపారి లేడు. పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉంటే గిరాకీ అక్కడే కనిపిస్తుంది. ఎగుమతికి ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి కోడ్ కావాలి, రుసుము 500. తపాలా శాఖ 2022 నుంచి డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా చిన్నవాళ్ల ఎగుమతి కాగితాలు చూస్తోంది. అయితే అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపును ఎత్తేసింది. ఆ గందరగోళంలో ఆగస్టు 25 నుంచి ఇండియా పోస్ట్ అమెరికా పార్సిళ్లను చాలావరకు ఆపేసి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. ఒక్క దేశపు గిరాకీ మీదే సైటు కట్టుకున్నవాళ్లకు ఆ ఏడు వారాలు ఎలా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. అమ్మి పంపే ఆహారానికి అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు, ముందస్తు సమాచారం కావాలి. డబ్బు తీసుకుని 'గిఫ్ట్' అని రాసి పంపడం అబద్ధపు ప్రకటన, పట్టుబడితే సరుకు పోతుంది. కోడి, మటన్ పచ్చళ్లను ఎంతమంది అడిగినా అమెరికాకు ఆర్డరు తీసుకోకూడదు.

ఇక ఫిర్యాదులు. 2025 ఏప్రిల్‌లో ఊరగాయలు అమ్మే ఒక తెలుగు బ్రాండు ధర ఎక్కువన్న ఖాతాదారుకు వాట్సాప్‌లో పంపిన దుర్భాష తెలుగునాట ఎంత దుమారం రేపిందో అందరికీ తెలుసు. ఏళ్ల కష్టం ఒక ఆడియోతో వీధిన పడింది. ధర ఎందుకంత అన్నది ఖాతాదారు అడగదగ్గ ప్రశ్నే. నూనె ధర, సీసా, కొరియర్, జీఎస్టీ విడివిడిగా పేజీలో రాసిపెడితే సగంమంది అడగరు. అడిగినవాళ్లకు ఆ లింకు పంపితే చాలు. రాత్రిపూట కోపంలో జవాబివ్వకుండా ఉండటానికి జవాబిచ్చే వేళలు సైటులో రాయడం మంచిది.

చట్టం కూడా దీన్ని వదిలిపెట్టలేదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు పెద్ద అంగళ్లకే కాదు, సొంత సైటులో సొంత సరుకు అమ్మే వ్యాపారానికీ వర్తిస్తాయి. ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, నంబరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మనమే మారుపేర్లతో పొగడ్తలు రాసుకోవడం నిషిద్ధం. వాపసు నియమం ఏమిటో కొనకముందే కనిపించాలి. ఇంట్లో నుంచి నడిచే వ్యాపారంలో ఆ ఫిర్యాదు అధికారి ఇంటి మనిషే అవుతారు. కొడుకో కోడలో ఎవరైనా సరే, రోజూ రెండుసార్లు ఆ ఇన్‌బాక్స్ చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఖమ్మంలో సీసా పగిలిందని ఫొటో వస్తే వాదించకుండా అదేరోజు గేట్‌వేలో రీఫండ్ నొక్కేయాలి. డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి చేరడానికి ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుందని ఖాతాదారుకు చెప్పి, ఆ పగిలిన సీసాను ఎవరు, ఏ పెట్టెలో కట్టారో పుస్తకంలో రాసుకోవాలి.